పార్డినీ ఎస్‌పీ: అన్ని లక్షలు దేనికి?

పిస్టల్ షూటింగ్ చేస్తానని తెలిసినవాళ్ళు హన్మకొండ చౌరస్తాలో కలిసినా, ఎవరి పెళ్ళిలోనో కలిసినా అడిగేవి రెండే. ఎంత దూరం కొడుతది, ఎంతకు వస్తది. దూరం సంగతి తేలికే, మా ఈవెంట్‌కు 25 మీటర్లు, అంతే. ధర చెప్పగానే మాత్రం అవతలి మనిషి మొహం మారిపోతుంది. పార్డినీ ఎస్‌పీ అనే ఇటలీ పోటీ పిస్టల్ యూరప్‌లోనే రెండు వేల యూరోల చుట్టుపక్కల ఉండే వస్తువు, సుంకాలు, రవాణా, మధ్యవాళ్ళ కమిషన్ అన్నీ కలుపుకుని మన చేతికి వచ్చేసరికి లెక్క లక్షల్లోకి పోతుంది. వెంటనే మూడో ప్రశ్న: "అంత పెడితే ఇంక గురి తప్పదు కదా?"

తప్పుతుంది. శుభ్రంగా తప్పుతుంది. మరి ఆ డబ్బు దేనికి అనేదే ఈ పోస్టు.

మాతోపాటు షూట్ చేసే ఒక అన్న దగ్గర పార్డినీ ఎస్‌పీ ఉంది, .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) అనే చిన్న తూటాది, మెకానికల్ ట్రిగ్గర్ ఉన్నది. కొనాలా వద్దా అని నేను ఊగిసలాడుతున్నానని తెలిసి, తను పక్కనే నిలబడి ఈ సీజన్ అంతా అడపాదడపా నాతో కొట్టించాడు. అంతకుముందు వరకు నా చెయ్యికి తెలిసిన .22 పిస్టల్ క్లబ్బు వాళ్ళ పాత వాల్తర్ జీఎస్‌పీ ఒక్కటే. 1960ల చివర్లో వచ్చిన డిజైన్, బండలాంటిది, ఇప్పటికీ మన దేశంలో ఎన్నో క్లబ్బుల్లో పిల్లలు దాంతోనే మొదలుపెడతారు. కాబట్టి నా పోలిక అంతా ఈ రెండింటి మధ్యే. ఫైన్‌వెర్క్‌బావ్, మొరీనీ లాంటి కంపెనీలవి నేను చేతిలో పట్టుకున్నానే గానీ సరిగ్గా కొట్టలేదు, వాటి జోలికి పోను.

గురి సంగతి ముందు తేల్చేద్దాం. ప్రిసిషన్ (నిదానంగా కొట్టే దశ) టార్గెట్‌లో పది రింగు, అంటే పది పాయింట్ల నడిమి వలయం, వెడల్పు 50 మిల్లీమీటర్లు. చెయ్యి బల్ల మీద ఆనించి, మంచి తూటాలు వేసి కొడితే ఆ ముసలి జీఎస్‌పీ కూడా ఐదింటికి ఐదు పదిలో పెట్టేస్తుంది. పార్డినీ అదే పని ఇంకాస్త దగ్గర దగ్గరగా చేసింది, రంధ్రాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ఫోటో తీసుకుంటే బాగుంటుంది. కానీ ఆ తేడాకు స్కోరులో ఒక్క పాయింటు కూడా రాదు, ఎందుకంటే పోటీలో బల్ల ఉండదు, ఒంటి చేత్తో గాలిలో పట్టుకుని కొట్టాలి, అక్కడ ఊగేది తుపాకీ కాదు మనం. ఆన్‌లైన్‌లో రివ్యూలు చూసి గ్రూపు సైజు (రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో) కొలిచి పిస్టల్ ఎంచుకునేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఈ ధరలో దొరికే ఏ పిస్టల్ అయినా నీకంటే, నాకంటే బాగానే కొడుతుంది.

అసలు పరీక్ష ర్యాపిడ్ స్టేజిలో ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్‌లో మొత్తం 60 షాట్లు, సగం ప్రిసిషన్, సగం ర్యాపిడ్. ప్రిసిషన్‌లో ఐదు షాట్లకు ఐదు నిమిషాలు ఇస్తారు, అంటే టీ తాగి కూడా కొట్టొచ్చు. ర్యాపిడ్‌లో ఎర్ర లైటు 7 సెకన్లు, ఆ సమయంలో చెయ్యి కిందికి 45 డిగ్రీల వాలులో ఉండాలి. పచ్చ లైటు 3 సెకన్లు. ఆ మూడు సెకన్లలో చెయ్యి లేపాలి, సైట్లు (గురి చూసే ముందు, వెనక గుర్తులు) కలపాలి, ట్రిగ్గర్ నొక్కాలి, ఒక్క షాట్. మళ్ళీ దించాలి. ఇలా ఐదుసార్లు. అక్కడ టార్గెట్ పది రింగు 100 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి వినడానికి సులువే అనిపిస్తుంది, నిలబడి చూస్తే గానీ తెలియదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో రజతం కొట్టింది ఈ ఈవెంట్‌లోనే, టీమ్‌లో స్వర్ణం కూడా. ఆ వారం మా రేంజ్‌కు కొత్త పిల్లలు వరసగా వచ్చారు, అందరూ తల్లిదండ్రులను వెంటబెట్టుకుని. ఇక స్టాండర్డ్ పిస్టల్‌కు పోతే 10 సెకన్లలో ఐదు షాట్లు, ర్యాపిడ్ ఫైర్‌లో పక్కపక్కన ఐదు టార్గెట్లు, చివరి సిరీస్‌కు 4 సెకన్లే. అన్నిటికీ ఇదే రకం పిస్టల్.

ఇక్కడ పార్డినీ ఏం చేస్తుందో దగ్గర నుంచి చెప్తాను. మ్యాగజైన్ మామూలు పిస్టల్‌లా పిడిలో ఉండదు, ట్రిగ్గర్ గార్డుకు ముందు నిలువుగా దూరుతుంది, ఐదు తూటాలు పడతాయి. దాంతో పిడి పూర్తిగా చెయ్యి కోసమే మిగులుతుంది, బరువు ముందుకు పోతుంది, బ్యారెల్ బాగా కిందికి, దాదాపు బొటనవేలి మొదలు ఎత్తుకు దిగుతుంది. జీఎస్‌పీ కూడా ఇదే అమరిక, నిజానికి ఈ తరహా పిస్టళ్ళన్నిటిదీ దాదాపు ఇదే. తేడా షాట్ పేలిన తర్వాత కనిపించింది. జీఎస్‌పీలో పేలగానే ఫ్రంట్ సైట్ వెనక సైటు గాడిలోంచి పైకి లేచి, కొంచెం కుడికి తిరిగి, నేను తెచ్చుకుంటేనే మళ్ళీ వచ్చేది. పార్డినీలో సైట్ లేవడం లేవలేదు అనను, లేచింది, కానీ నిటారుగా లేచి నిటారుగా దిగింది, ఇంచుమించు ఎక్కడినుంచి పోయిందో అక్కడికే. .22 తూటాకు అసలు తన్ను ఎంత అని మీరనొచ్చు. ఒక్క షాట్‌కు నిజంగానే ఏం లేదు. పది సెకన్ల సిరీస్‌లో మూడో షాట్ దగ్గరికి వచ్చేసరికి, సైట్‌ను వెతుక్కోవడానికి పోయిన ఆ కాస్త సమయాలన్నీ కలిసి మెడ మీదికి వస్తాయి. నాలుగు, ఐదు షాట్లు ఖంగారుగా లాగేస్తాం. నా పాత టార్గెట్ల ఫోటోలు తీసి చూసుకుంటే ఎనిమిదులు, ఏడులు ఎక్కువగా చివరి రెండు షాట్లవే.

అన్న మొదటి రోజే అన్నాడు, "తమ్మీ, రంధ్రం యాడ పడ్డదో సూడకు. కొట్టినంక సైటు యాడికి వచ్చిందో సూడు." నేను టార్గెట్ మానిటర్ తిప్పేసి కొట్టాను. అలా ఒక గంట కొడితే పిస్టల్ గురించి తెలిసినంత, వంద రివ్యూలు చదివినా తెలియదు.

ట్రిగ్గర్‌కు వద్దాం, డబ్బులో పెద్ద వాటా దీనిదే. రూలు ప్రకారం 25 మీటర్లకు ట్రిగ్గర్ బరువు 1000 గ్రాములకు తగ్గకూడదు. ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో, అంటే పోటీ వాళ్ళ పరికరాల తనిఖీలో, పిస్టల్‌ను నిటారుగా పెట్టి, ట్రిగ్గర్‌కు కిలో తూకం తగిలించి లేపుతారు. పేలిపోతే అవతలికి పొమ్మంటారు. బరువు అందరికీ ఒకటే కాబట్టి తేడా అంతా ఆ కిలో ఎలా పంచుకుని వస్తుందనేదే. పార్డినీలో మొదటి దశ మెత్తగా వెనక్కి వచ్చి ఒక గోడ దగ్గర ఆగుతుంది, ఆ గోడ ప్రతిసారీ అదే చోట. అక్కడి నుంచి మిగిలిన బరువు వేస్తే ఠక్కున వదులుతుంది, సాగదు, గరగర ఉండదు. చెయ్యి లేపేటప్పుడే మొదటి దశ తీసేసుకుని గోడ మీద వేలు ఆనించి పైకి వెళ్తే మూడు సెకన్లు చాలా పెద్దవి అనిపిస్తాయి. జీఎస్‌పీలో కూడా రెండు దశలున్నాయి, కానీ మా క్లబ్బుది ఎంతమంది వేళ్ళ కింద అరిగిందో, గోడ ఒక్కోసారి ఒక్కోచోట తగులుతుంది. దాని మీద కోపం లేదు, దాని వయసుకు అది చేస్తున్నది చాలా ఎక్కువ.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది, ట్రిగ్గర్ తిరిగి ముందుకు రావడం. షాట్ తర్వాత వేలు సరిపోయినంత ముందుకు వదలకపోతే రెండో షాట్ పేలదు. మీరు చెయ్యి లేపి "మాల్‌ఫంక్షన్" అన్నా రేంజ్ ఆఫీసర్ ఒప్పుకోడు, రూలు పుస్తకంలో అది షూటర్ తప్పు కింద రాసి ఉంది. టెన్షన్‌లో వేలు బిగుసుకుపోయేవాళ్ళకు ఇది నిజంగా జరుగుతుంది. పార్డినీలో ట్రిగ్గర్ తిరిగి వచ్చే దూరం తక్కువ, వచ్చినట్టు వేలికి తెలుస్తుంది. కొనేముందు దీన్ని తప్పకుండా చూడండి, షాపువాడు చెప్పడు.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్న మోడల్ తీసుకోవాలా అని కూడా అడుగుతున్నారు. బాగుంటుంది, మౌస్ నొక్కినంత శుభ్రంగా ఉంటుంది. కానీ నేను తీసుకోను. 2021లో టోక్యోలో మనూ భాకర్‌కు క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించింది గుర్తుందా, అది 10 మీటర్ల ఎయిర్ పిస్టలే అనుకోండి, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌ది. బాగు చేసుకుని వచ్చేలోపు నిమిషాలు పోయాయి, 12వ స్థానంతో ఆగిపోయింది. పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చి లెక్క సరిచేసింది, అది వేరే కథ. ఆమె స్థాయిలో పక్కన కోచ్ ఉంటాడు, స్పేర్ ఉంటుంది. కాజీపేటలో రైలెక్కి పోయి కొట్టి వచ్చే నాలాంటివాడికి సర్క్యూట్ పోతే బాగు చేసేవాడు ఎక్కడ? స్ప్రింగు పోతే కనీసం నాకు అర్థమవుతుంది.

గ్రిప్ విషయంలో మాత్రం ఇటలీవాళ్ళు నాకు నచ్చలేదు. కంపెనీ ఇచ్చే వాల్‌నట్ గ్రిప్ చూడ్డానికి అద్భుతం, నా అరచేతికి మాత్రం బొటనవేలి కింద పెద్ద ఖాళీ. ఖాళీ ఉంటే చెయ్యి ప్రతిసారీ ఒక్కో రకంగా కూర్చుంటుంది, సైట్లు కలిసి రావు, లేపాక మణికట్టుతో సర్దుకోవాలి, మూడు సెకన్లలో ఒక సెకను దానికే పోతుంది. ఇందులో సైజులు ఉన్నాయి, కొత్త మోడల్‌లో పిడి వంపును కూడా కొంత సర్దుకోవచ్చు, అయినా చివరికి గరుకు కాగితం, ఎం-సీల్ తప్పవు. అవును, నీళ్ళ పైపులకు పెట్టే ఎం-సీలే. మన షూటర్లలో సగం మంది గ్రిప్పులు దాంతోనే నిలబడ్డాయి. కొంచెం ముద్ద చేసి ఖాళీలో పెట్టి, చేతికి పల్చగా పౌడర్ రాసుకుని, కళ్ళు మూసుకుని గురి పట్టినట్టు లేపి ఒక నిమిషం ఆగాలి, ముద్ర పడుతుంది. ఆరాక రుద్దాలి. ఇక్కడ ఒక హెచ్చరిక: పిస్టల్ మొత్తం 300, 150, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, ఎం-సీల్ మోజులో పక్కలకు పెంచుకుంటూ పోతే ఆ 50 దాటి కంట్రోల్‌లో దొరికిపోతారు. అరచేతి కింద ఉండే షెల్ఫ్ కూడా పిడికి 90 డిగ్రీల కంటే తక్కువ కోణంలో చేతిని బిగించకూడదు. అన్న తన గ్రిప్ మీద నన్ను ఎం-సీల్ పెట్టనివ్వలేదు, అది న్యాయమే, కాబట్టి గ్రిప్ సరిగ్గా కూర్చుంటే ఈ పిస్టల్ నా చేతిలో ఇంకెంత బాగుంటుందో అంచనాయే.

తూటాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఖరీదైన పిస్టల్ ఏడిపించేది ఇక్కడే. .22 తూటా రిమ్‌ఫైర్, పేల్చే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది, అన్ని చోట్లా సమానంగా పరుచుకోకపోతే పేలకపోవచ్చు. చవక తూటాల్లో ఇది ఎక్కువ. పైగా సీసం గుండు మీద మైనం పూత ఉంటుంది. మా వరంగల్ మే నెల మీకు తెలుసు, 44 డిగ్రీలు మామూలు, కారు డిక్కీలో పెట్టిన డబ్బా తీస్తే పూత జిడ్డుగా చేతికి అంటుకుంటుంది, ఆ జిడ్డుకు దుమ్ము పడుతుంది, ఆ దుమ్ము తూటా కూర్చునే చాంబర్‌లోకి పోతుంది. వదులు వదులుగా చేసిన పాత పిస్టల్ ఇవన్నీ మింగేస్తుంది. పార్డినీ లాంటి బిగుతు పనితనం ఉన్నది మింగదు. ఎలీ, ఎస్‌కే కంపెనీల తూటా డబ్బాలతో నేను కొట్టినంతసేపు ఒక్కసారి కూడా ఆగలేదు. ఒక చవక రకం వేస్తే ఖాళీ తొడుగు బయటికి పోకుండా నిలువుగా ఇరుక్కుంది, ఆ తర్వాతి మ్యాగజైన్‌లో ఒకటి పేలనే లేదు.

పేలనప్పుడు ఏం చెయ్యాలో కొత్తవాళ్ళకు: బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి కాసేపు ఆగండి, ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది. ప్రాక్టీస్ అయితే తర్వాత తీసి అంచు మీద దెబ్బ గుర్తు చూడండి. గుర్తు లోతుగా ఉంటే తప్పు తూటాది, పల్చగా ఉంటే ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టే ముల్లు) లేదా దాని స్ప్రింగు సంగతి చూడాలి. పోటీలో అయితే మీరు స్లైడ్ ముట్టుకోకండి. ఖాళీ చెయ్యి లేపి ఆఫీసర్‌ను పిలవండి. మీరే తెరిచారంటే మళ్ళీ కొట్టే అవకాశం పోయినట్టే.

అందుకే పిస్టల్ ధర అడిగేవాళ్ళకు నేను తిరిగి అడిగేది ఒకటే, ఏడాదికి ఎన్ని తూటాలు దొరుకుతాయి నీకు? లైసెన్స్ మీద కోటా ఎంత, అసోసియేషన్ ద్వారా ఏ రకం వస్తుంది, ఎంతకు వస్తుంది. మంచి డబ్బా దొరకనివాడికి పార్డినీ కంటే నోరు మూసుకుని ఏది పెడితే అది తినే పాత జీఎస్‌పీ నయం. ఇది పిసినారి మాట అనుకోకండి, లెక్క.

రేంజ్ లెక్క కూడా అంతే. నాకు .22 ప్రాక్టీస్ అంటే హైదరాబాద్ ప్రయాణం, పొద్దున్నే బండి పట్టుకుని పోయి రాత్రికి రావడం. కరీంనగర్, మంచిర్యాల నుంచి వచ్చేవాళ్ళది ఇంకా పెద్ద కథ. మిగతా రోజులన్నీ ఇంట్లో గోడ మీద నల్ల చుక్క పెట్టుకుని డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన), లేదంటే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. రిమ్‌ఫైర్ పిస్టల్‌ను ఖాళీ చాంబర్‌తో ఊరికే కొట్టకండి, పిన్ చాంబర్ అంచును దెబ్బతీస్తుంది, డమ్మీ తూటా పెట్టుకోండి లేదా కంపెనీ పుస్తకంలో చెప్పిన పద్ధతి చూడండి.

చట్టం గురించి నాలుగు ముక్కలు, ఎందుకంటే యూట్యూబ్ చూసి "అన్నా, సీజెడ్ షాడో 2 కొనొచ్చా, గ్లాక్ కొనొచ్చా" అని మెసేజ్‌లు పెడుతున్నారు. కొనలేరు. అవి 9 ఎంఎం, మన దేశంలో సామాన్యుడికి అది నిషిద్ధ బోర్, అంటే అనుమతి లేని తూటా కొలత. పైగా వాటితో కొట్టే పోటీ వేరు, మనది ఒంటి చేత్తో నిలబడి కొట్టేది. మనకు .22, సెంటర్ ఫైర్ (పేల్చే మందు తూటా అడుగు మధ్యలో ఉండే రకం) ఈవెంట్‌కు .32, ఇవే. .22కు లైసెన్స్ కావాలి, వరంగల్‌లో అయితే పోలీస్ కమిషనరేట్‌కే పోవాలి. 20 జౌల్స్ శక్తి లోపు .177 ఎయిర్ పిస్టల్‌కు 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు, అందుకే అందరినీ ముందు దానితోనే మొదలుపెట్టమంటాను. విదేశీ పిస్టల్ దిగుమతి మాట తర్వాత సంగతి, దానికి నేషనల్స్‌లో స్కోర్లు, రినౌన్డ్ షాట్ హోదా (పేరున్న షూటర్‌కు ఇచ్చే గుర్తింపు) లాంటివి కావాలి, కాబట్టి చాలామందికి దారి పాతది కొనడమే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆయుధాలు స్టేషన్‌లో జమ చెయ్యమంటారు, పోటీల్లో పాల్గొనే అసోసియేషన్ సభ్యులకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది. ఆ కాగితాలు ముందే సిద్ధం చేసుకోకపోతే సరిగ్గా ప్రాక్టీస్ కావాల్సిన నెలల్లో పిస్టల్ స్టేషన్ బీరువాలో ఉంటుంది. మాలో ఒకరికి అదే అయింది, ఆఖరికి కాగితం దొరికింది గానీ అప్పటికి స్టేట్ మీట్ అయిపోయింది.

పాతది చూస్తే ఏం చూడాలంటే, నేను ముందు మ్యాగజైన్లు చూస్తాను. పైన తూటాను పట్టుకునే పెదవులు వంగి ఉన్నాయా, కింద పడిన గుర్తులున్నాయా. ఇరుక్కోవడాల్లో చాలావరకు మ్యాగజైన్ నుంచే మొదలవుతాయి, జనం పిస్టల్‌ను తిడతారు. తర్వాత ఖాళీ తొడుగును లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచు, చాంబర్ నోటి దగ్గర పిన్ కొట్టిన గాటు. ట్రిగ్గర్‌ను కిలో తూకంతో లేపించండి, ఒకసారి కాదు వరసగా. వెయ్యికి సరిగ్గా కత్తి మీద సాములా పెట్టి ఉంటే పోటీ రోజు చెప్పలేం, కొంచెం పైన పెట్టుకోవడం మంచిది. ఎన్ని తూటాలు కాల్చారని అడిగితే ఎవరూ నిజం చెప్పరు, అడగడం దండగ.

నా మటుకు తేలింది ఇది. ప్రిసిషన్ స్కోరు పార్డినీతో పెద్దగా మారలేదు. వేగంగా కొట్టేవాటిలో, ముఖ్యంగా స్టాండర్డ్ పిస్టల్ పది సెకన్ల సిరీస్‌లో చివరి రెండు షాట్లు మారాయి, అది కళ్ళకు కనిపించింది. నేను కొట్టేది ఆ ఈవెంట్లే కాబట్టి తీసుకుంటున్నాను: సెకండ్ హ్యాండ్, మెకానికల్ ట్రిగ్గర్, మీడియం గ్రిప్, రెండు అదనపు మ్యాగజైన్లు. ప్రిసిషన్ మాత్రమే ఇష్టపడేవాళ్ళు, నెలకు ఒక్కసారి సరదాకు రేంజ్‌కు వచ్చేవాళ్ళు క్లబ్బు పిస్టల్‌తోనే కొట్టుకోండి, మిగిలిన డబ్బు తూటాలకు పెట్టండి. అమ్మే ఆయన మ్యాగజైన్లు మూడు ఉన్నాయంటున్నాడు, ఫోటోలో రెండే కనిపిస్తున్నాయి, ఆ బేరం ఇంకా నడుస్తోంది.